ముప్పైమూడు ముందా, పదిహేడు ముందా?

అధ్యక్షులు పుల్లయ్య మాస్టారికి, మా ప్రెస్సు యజమాని లక్ష్మన్న గారికి, నలభై ఏండ్లు పుస్తకాలు కుట్టి ఈ రోజు పని విరమిస్తున్న ఖాజా పీరా సాహెబు గారికి, కర్నూలు పెద్దలకు నమస్కారం. మూడో వరుసలో కూర్చున్న మా నాన్నగారికి ఇంకొక నమస్కారం, ఎందుకంటే బి.ఏ. చదివిన కూతురు ప్రూఫులు దిద్దడానికి పోయేది ఇంట్లో పొయ్యి ఊదలేకేనని ఆయన నమ్మకం. రెండేండ్లుగా ఆ నమ్మకాన్ని చుట్టాలందరికీ పంచిపెడుతున్నారు. (నవ్వులు)

నాన్నగారూ, నేను ఈడకు ఎందుకొస్తానో ఈ పూట వినండి.

శుక్రవారం నమాజుకు పోయిన గంటను సాహెబు గారు సాయంత్రం కూర్చుని తీర్చేవారు. రంజాను నెలలో ఒకనాడు లక్ష్మన్న గారు, "నోట్లో నీళ్ళన్నా లేకుండా ఉండావు, పెందలాడే ఇంటికి పో సాయబూ" అంటే, "రోజా నాదప్పా, పని మీది. నా ఉపాసం మీ నెత్తిన పెడతానా?" అన్నారు. అట్లని ఎవరికీ నీతులు చెప్పలేదు. ఆయన పక్కన కూర్చుని గడియారం వైపు చూడాలంటే మాకే సిగ్గయ్యేది.

పోయిన నెల పంచాంగం పని. పదహారేసి పుటల మడతల్లో, అదే ఫారాల్లో, దేని తరువాత ఏది పెట్టి కుట్టాలో చూపే మచ్చు ప్రతి పేర్చింది నేను. తెలుగు చదవను రాని సాహెబు గారు పుటల అంకెలు చూసి, నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగారు: "పాపా, మీ కాలేజీలో ముప్పైమూడు ముందొస్తాదా, పదిహేడా?"

చూస్తే వైశాఖం కంటే ముందే జ్యేష్ఠం వచ్చి కూర్చోనుంది. అప్పటికే నాలుగు వందల ప్రతులు కుట్టేశారు! (నవ్వులు)

"జనం తిథి చూసుకుంటారు గానీ పుటలు లెక్కపెడతారా?" అన్నాను.

"జనం చూడకుంటే పైవాడు కండ్లు మూసుకుంటాడా? నమ్మి మన చేతికిచ్చిన పని అమానతు పాపా. తప్పు నువ్వు చెప్పు, పోగు నేను విప్పుతా."

భయపడుతూనే పోయి లక్ష్మన్న గారికి చెప్పాను. ఆయన అరిచిన అరుపు తుంగభద్ర అవతలికి వినపడింది. ఆ తరువాత ఆయనే కత్తి పట్టుకుని మాతో కూర్చున్నారు. రెండు రోజులు అందరం విప్పి, మళ్ళీ కుట్టాం. నాకిప్పుడు ఆ భయం గుర్తులేదు. సూది పట్టడం వచ్చిన సంతోషమే గుర్తుంది.

ఆ పంచాంగంలోనే, సరైన చోటికొచ్చిన వైశాఖంలో, నాన్నగారు నా పెండ్లికి ముహూర్తం చూశారు. (నవ్వులు) పిల్ల ఉద్యోగం మానేస్తుందని పెండ్లివారికి మాట కూడా ఇచ్చారు. నన్ను అడగలేదు.

సాహెబు గారూ, మీ సూదికీ మీ ఓపికకూ నా కృతజ్ఞతలు. నాన్నగారూ, నేను ఉద్యోగం మానడం లేదు. ఆ సంగతి వాళ్ళకు మీరు చెప్పండి. సోమవారం నుంచి సాహెబు గారి బల్ల దగ్గర నేను కూర్చుంటాను. సెలవు.