డబ్బాలో పాము లేదత్తా

హలో… ఆ, నేనే అత్తా. పెట్టెయ్యకు!

లేదు, ఇల్లు తగలబడలేదు. మామయ్య బానే ఉన్నాడు. పేపరు చదువుతూ నిద్రపోతున్నాడు… ఆ, తలకిందులుగానే. పేపరు. మామయ్య కాదు.

టీపొడి కొట్టావిడ దగ్గరికి చేరిపోయావా?… ఇంకా లోపలికి పిలవలేదా? అమ్మయ్య. అత్తా, ఒక్క మాట. ఆవిడకి రుచి చూపిద్దామని పట్టుకెళ్లిన నీ టీ ఆకు డబ్బా… ఆవిడ ముందు మూత తియ్యకు.

ఎందుకంటే… తిట్టనంటే చెబుతా… సరే, తిట్టు. అయినా చెబుతా.

మొన్న నాకో డబ్బా కావాల్సొచ్చింది. స్ప్రింగు పాముకి. మామయ్యని హడలగొట్టడానికి. ఇంట్లో అంత బిగుతు మూత నీ డబ్బాకే ఉందిగా. లాగితే టప్‌మని…

లేదు లేదు! పాము ఇప్పుడు డబ్బాలో లేదు. నా జేబులో ఉంది. డబ్బాలో నీ ఆకే ఉంది. అదే బాధ.

అంటే… పాము రెండ్రోజులు నీ డబ్బాలో కాపురం ఉంటే, నీ ఆకు ఎక్కడుండాలి మరి?… గిన్నెలో పోస్తే గాలి తగులుతుందని నువ్వే అంటావుగా! అందుకే మూతున్నది వెతికా. బట్టల సబ్బు పొడి డబ్బా…

కడిగానత్తా! ఏడుసార్లు కడిగా. ఎనిమిదోసారికి డబ్బానే ఇక చాలు బాబూ అంది.

నవ్వకు… అత్తా, నవ్వకు. ఇది ఆ రకం అబద్ధం కాదు. మేడమీద ఏనుగు ఈనిందన్నది వేరు… నీళ్ల ట్యాంకులో మొసలి, అదీ వేరే. ఇది నిజం. మామయ్య మీద ఒట్టు… పద్నాలుగయ్యాయా ఆయన మీద? అయినా నిక్షేపంలా ఉన్నాడంటే గట్టి మనిషే. సరే, నా మీద ఒట్టు. నా మీద ఇదే మొదటిది.

… పొద్దున తెలిసింది. నువ్వు బస్సెక్కాక. సబ్బు డబ్బా అడుగున చిటికెడు మిగిలితే కాచుకున్నా. ఒక్క గుక్క తాగానంతే, నోరు ఉతికి ఆరేసినట్టయింది.

చేశా! తొమ్మిదిసార్లు చేశా. బస్సులో నువ్వు ఫోనెత్తవుగా.

నమ్మకపోతే వాసన చూడు. అక్కడ కాదు, మెట్ల దగ్గరికెళ్లి చూడు… పాము లేదన్నానుగా! ఇదిగో, నొక్కుతున్నా, కిర్రుమంటోంది, విన్నావా?… ఆ. ఇప్పుడు తియ్యి.

…

అత్తా?

… ఆ. నిమ్మకాయ సబ్బే.

… కాసేపు ఆరబెడితే?… పోదు. తెలుసు. టీ ఆకు పక్కింటి వాసనని కూడా పిలిచి పీట వేస్తుందని నువ్వే చెప్పావుగా. మామయ్య సెంటు కొట్టుకుంటే ఆకు దాచిన గది వంక చూడనివ్వవు. ఆ బీరువా దగ్గర నేను ఆవులించినా గెంటేస్తావు. అన్నీ తెలుసు. తెలిసే చేశా… పోనీ, రెండ్రోజులకి ఏమవుతుందిలే అనుకున్నా.

లేదత్తా. ఇంట్లో ఇంకేం లేదు. ఈ ఏడాది మొదటి కోత అంతే అన్నావుగా. ఆ చిటికెడూ నేనే తాగేశా.

… మూడేళ్లు తిరిగావు ఆవిడ చుట్టూ. ఆ కొట్లో నీ పేరుతో ఒక్క అర ఉంటే చాలన్నావు. నేనేమో ఓ బొమ్మ పాము కోసం… తిట్టు అత్తా. గాడిదా అను. పోనీ అడ్డగాడిదా అను.

ఏంటి?… నా కడుపెలా ఉందా? అదా అత్తా ఇప్పుడడిగేది!

బానే ఉంది. ఒక్క గుక్కేగా తాగింది.

నా మాట విను. ఫోను ఆవిడకివ్వు. కోతిపని నాది, నేనే చెబుతా… దాచే బాధ్యత నీదా? బాధ్యతేంటి, నువ్వు దాచావు, నేను తీశా! లెక్క సరిపోయిందిగా… పిలుస్తున్నారా? ఉండుండు, పెట్టెయ్యకు. అలాగే పట్టుకెళ్లు.

… వినపడుతోంది. కూర్చోమంటోంది. మంచిగానే మాట్లాడుతోందే ఆవిడ. ఇప్పుడు చెప్పెయ్యి, మా మేనల్లుడు ఉత్త వెధవండీ అని చెప్పు…

ఏంటీ? ‘నేనే సరిగ్గా దాచలేదండీ’ అంటావేంటి? అత్తా! ఇరవయ్యేళ్లలో ఒక్క రెమ్మ పాడుచేశావా నువ్వు!… సబ్బుల పక్కన పెట్టి మర్చిపోయావా? ఎప్పుడు మర్చిపోయావు! అత్తా, అబద్ధం ఆడకు, నీకు రాదు… అయ్యో, నమ్మేస్తోందే ఆవిడ… ఏమండీ! కొట్టావిడగారూ! డబ్బా మార్చింది నేనండీ! మా అత్త కాదు! ఫోను చెవి దగ్గర పెట్టుకోండి ఎవరైనా! స్ప్రింగు పాము కోసమండీ… నిజమండీ, నవ్వకం—

హలో?… అత్తా?… పెట్టేశావా?… హలో?