పుట్టినరోజున పలికిన ప్లైవుడ్డు

తప్పంతా ఆ ఏసీది అంకుల్, నాది కాదు! ఎడారి మధ్యలో హోటల్ కట్టి, పగలనక రాత్రనక చలిగాలి తోలితే ఏ వస్తువు మాత్రం బాగుంటుంది చెప్పండి? నా పెదాలు పగిలాయి. మడమలు పగిలాయి. ఆ లాస్ వేగాస్ గాలికి మనిషే వడియంలా ఎండిపోతుంటే...

తీస్తున్నా, తీస్తున్నా. మీరలా చెయ్యి చాపుకుని కూర్చుంటే నాకు చేతులాడవు. నిన్న మీరు ఫోన్ చేసి, "నోహెయా, నేను చేసిచ్చి ఏడాదైంది, నీ కోఆ చెక్క ఉకులేలే పట్రా. ఆపరేషన్ అయ్యాక నా కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఒకసారి చూస్తా" అన్నారా? అప్పట్నుంచీ నాకు అన్నం సయించలేదు.

రెండు పెట్టెలెందుకంటారా? అదే కదా చెప్పబోతున్నాను. ముందు ఇది చూడండి. ముందు ఇది.

ఇదిగో.

అలా చూడకండి అంకుల్. వేలు పెట్టి తడుముతున్నారా? అవును, పగులు తీగలు కట్టిన బద్ద దగ్గర్నుంచి అడుగు అంచు దాకా పోయింది. మొదట వెంట్రుకంత ఉండేది. ఇప్పుడు గోరు దూరుతుంది.

మా నాయనమ్మ మంచం తలపలకతో చేసింది అది. మీకు తెలియనిదా? సునామీ వచ్చిన ఏడు ఆ మంచం కొట్టుకుపోయి, రెండు వీధుల అవతల బురదలో దొరికింది. సముద్రంలో నానింది, ఎండలో ఎండింది, చెక్కుచెదరలేదు. అలాంటిదాన్ని నేను ఒక్క వారంలో పగలగొట్టాను.

నేనే అంకుల్. ఏసీ కాదు. ఏసీ అని దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చాను గానీ, మీ ముందు ఆ అబద్ధం నిలబడదు.

మీరు చెప్పారు. ఎందుకు చెప్పలేదూ? "అసలైన చెక్క గాలి పీలుస్తుంది అమ్మాయ్. మన హీలో ఊరి వానకి అలవాటు పడింది. పొడి ఊళ్లకి తీసుకెళ్లకు. వెళ్లక తప్పకపోతే పెట్టెలో తడి స్పాంజి పెట్టు" అని లక్షసార్లు చెప్పారు. పెట్టాను! మా అమ్మ మీద ఒట్టు, పెట్టాను. విమానం ఎక్కేరోజు పొద్దున తీసేశాను.

ఎందుకా? ఆ లాస్ వేగాస్‌లో మా పెదనాన్న కూతురు రోవేనా ఉంది కదా. మన దీవుల్లో సగం జనం అక్కడే ఉన్నారాయె. దానికి మన ఎండుచేపలంటే ప్రాణం. ఉత్త చేతులతో చుట్టాలింటికి వెళ్లడం మనవల్ల అవుతుందా? సూట్‌కేసు అప్పటికే ఉప్పు రేగుపళ్లతో నిండిపోయింది. ఉకులేలే పెట్టెలో నాలుగు పొట్లాలు పట్టేట్టున్నాయి. స్పాంజి ఉంటే ఎండుచేపలు మెత్తబడిపోతాయని...

అవును. ఎండుచేపలు మెత్తబడతాయని స్పాంజి తీసి సింకులో పారేశాను.

నవ్వండి అంకుల్. నవ్వితే బాగుండు. మీరు నవ్వకపోతే నాకు భయంగా ఉంది.

తడి స్పాంజి ఉండాల్సిన చోట ఉప్పుచేపలు! ఉన్న కాస్త తేమనీ అవే లాగేసి ఉంటాయి. మూడోరోజు పొద్దున టిఫిన్ తింటున్నాను, "టప్" మంది. పక్కగదిలో ఎవరో సోడా మూత తీశారనుకున్నాను. ఎంత ధీమా చూడండి. నా పెట్టెలోంచి అని తట్టనే లేదు.

మీరు దీన్ని చేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పలకని గోటితో కొట్టి, చెవి ఆనించి, "ఇది మాట్లాడుతుంది" అన్నారు. మీరు చెప్పిన మజూరీ విని మా ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. "ఆ డబ్బుకి సెకండ్ హ్యాండ్ ట్రక్కు వస్తుందే! బళ్లో పిల్లలకి వండి పెట్టే దానివి, నీకెందుకే అంత ఖరీదు బుల్లి గిటారు?" అన్నాడు. నేను వినలేదు. దండగ కాదా అని అడిగిన ప్రతివాళ్లనీ కూర్చోబెట్టి, దీన్ని వాళ్ల ఒళ్లో పెట్టి, "పొట్టకి ఆనించుకుని మీటు. పక్కటెముకల్లో పలుకుతుంది చూడు" అనేదాన్ని. ఎంత గర్వమో నాకు. ఇది నా చేతిలో ఉంటే నేను కూడా కాస్త గొప్పదాన్నే అనిపించేది.

అందుకే మీ దగ్గరికి రాలేకపోయాను.

లొరీన్ దగ్గరికి వెళ్లాను. మీరు పొద్దున్నే కాఫీ కొట్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటారు కదా, ఆ టైం చూసుకుని, మీ అమ్మాయి ఒక్కతే ఉన్నప్పుడు, ఈ షెడ్డు వెనక గుమ్మంలోంచి. దొంగలాగా.

అది పగులు చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. "అతుకు పెట్టొచ్చు ఆంటీ. కానీ దీనికి నాన్న చెయ్యే పడాలి. ముందు చెక్కకి మళ్లీ మెల్లగా తేమ పట్టించాలి, నెలలు పడుతుంది" అంది. నేను ఏడుపు. వచ్చే ఆదివారమే మీ ఎనభై ఎనిమిదో పుట్టినరోజు. మీరప్పటికే ఊరందరికీ చెప్పుకున్నారు, నోహెయా నా కోఆ మీద వాయిస్తుందని.

అది లోపలికెళ్లి, గుడ్డలో చుట్టినదొకటి పట్టుకొచ్చింది.

ఇదిగో, ఈ రెండో పెట్టెలోది.

పట్టుకోండి. అలా వెనక్కి జరగకండి, అదేం కరవదు. ఇదే ఆకారం, ఇదే రంగు. మీ అచ్చులోనే వంచింది మరి. "నాన్నకి ఇప్పుడు కళ్లు మసక ఆంటీ, దూరంనుంచి తెలీదు. ఎవరికీ చెప్పకండి, నేనూ చెప్పను" అంది. నేను రంధ్రం అంచున పొరలు చూసి, "ఇది ప్లైవుడ్డు కదే?" అన్నాను. నా నోటికి బుద్ధి లేదు. ఒకపక్క అడుక్కుంటూనే, ఇంకోపక్క ముఖం చిట్లించాను. "మూడు పొరలు. పైనా లోపలా కోఆ, మధ్యలో వేరేది. పగలదు, వంగదు. ట్రక్కులో ఎండకి వదిలేసినా ఏమీ కాదు" అంది.

మీ ఇద్దరి గొడవా నాకు తెలియంది కాదు. నాలుగో తరగతి పిల్లలు ప్రతివాళ్లకీ ఒక మంచి ఉకులేలే ఉండాలని దాని ఆశ. ఆ పిల్లలకి ఇరవై ఏళ్లు నేనే వండి పెట్టాను. వాళ్ల అమ్మానాన్నలు హోటళ్లలో పక్కలు మారుస్తారు, వాళ్లెక్కడ కొంటారు మీ కోఆ? మీరేమో "పైకి కోఆ, లోపల జిగురు. నా షెడ్డులో అబద్ధాలు తయారు చేయనివ్వను" అన్నారు. మీరలా అన్నప్పుడు నేనూ తలూపాను. మీ పక్కనే నిలబడి, మీ వైపే తలూపాను.

ఇక ఆ ఆదివారం సంగతి మీకు నేను చెప్పాలా? చెప్పాలి. మీరు చూసింది వేరు.

బీచి దగ్గర టెంట్లు. గాలి. ఒకపక్క పంది మాంసం, ఒకపక్క మీవాళ్లు నాచు ఆకుల్లో చుట్టిన అన్నం చుట్టలు, పిల్లల అరుపులు. మీకు ఎర్రచొక్కా తొడిగి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. పోయిన మీ ఆవిడకి ఇష్టమైన పాట వాయించమన్నారు. నేను కావాలని దూరంగా, సముద్రం వైపు నిలబడ్డాను. వాయించాను.

మీరు కళ్లు మూసుకున్నారు. రెండో చరణానికి మీ బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. నేను చూశాను.

పాట అయ్యాక లేచి నిలబడ్డారు. నలుగురు పట్టుకోబోతే విదిలించుకున్నారు. "విన్నారా? అదీ చెక్కంటే! ఒక ఇంట్లో మూడు తరాలు పడుకున్న చెక్క. దానికి ప్రాణం ఉంది. దానికెంతయినా పెట్టొచ్చు!" అన్నారు. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. మీరు ఆగలేదు. లొరీన్ వైపు తిరిగి, "ఏమే, నీ ప్లైవుడ్డు ఇలా పలుకుతుందా? పదిమందిలో చెప్పు. పలుకుతుందా?" అన్నారు.

అందరూ నవ్వారు. లొరీన్ చేతిలో కేకు పళ్లెం ఉంది.

అది నా వైపు చూసింది అంకుల్. ఒక్కసారి. నేను చెప్తానేమోనని చూసింది. నేను ఏం చేశానో తెలుసా? తల వంచుకుని తీగ శ్రుతి చేసుకున్నాను. అది శ్రుతిలోనే ఉంది.

అప్పుడు అది, "లేదు నాన్నా, పలకదు" అంది.

తను చేసినదాని గురించి తనే! నా పరువు పోకూడదని. నా ఎండుచేపల పరువు.

అదేంటి, దాన్ని మీటుతున్నారు? చెవి పెడుతున్నారా... మీటండి. కావాలంటే తట్టి చూడండి. తేడా లేదని నేను అననండీ. ఉంది. వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని, తలుపులేసుకుని వాయిస్తే తెలుస్తుంది. మీది మీటాక కాసేపు లోపలే తిరుగుతుంది శబ్దం. దీనిది త్వరగా ఆగిపోతుంది. ఆ కాసేపటి కోసం ట్రక్కు డబ్బు పెట్టొచ్చా అంటే, నేనైతే మళ్లీ పెడతాను. అంత పిచ్చి నాకు. కానీ ఆ గాలిలో, ఆ గోలలో ఆ కాసేపు ఎవరికి వినపడింది? చేసిన మీకే వినపడలేదు!

అయ్యో. ఆ మాట అనకూడదు. నోరు జారింది అంకుల్. మీ చెవి తప్పు కాదు. మీ ఆవిడ పాటాయె. మీరు విన్నది ఆవిణ్ణి, చెక్కని కాదు.

ఇంకో సిగ్గుమాలిన సంగతి. మీరు ఏడుస్తుంటే నాకు లోపల సంతోషం వేసింది. నా వేళ్లలోనే ఉంది గొప్పతనం, చెక్కలో లేదనుకున్నాను. ఆ పిల్ల అలా నిలబడి ఉంటే, నేను నన్ను మెచ్చుకుంటున్నాను.

వారం తిరక్కుండా అది ఉలులు, చిత్రికలు పెట్టెలో సర్దుకుని కొండ అవతల కోనా వైపు వెళ్లిపోయింది. అల్మరాలు చేసే చోట కుదిరిందట. మీరేమో, "మొండిఘటం. నిజం మింగుడు పడక పోయింది" అని నాతోనే అన్నారు. ఇదే బెంచీ మీద. నేను మీకు టీ కలిపి ఇచ్చాను.

"బాచి తగుల్తుంది" అంటారు కదా మీరు, తప్పు చేస్తే అది తిరిగి తిరిగి మనకే తగుల్తుందని? తగిలింది లెండి. రోజూ తగుల్తూనే ఉంది. మీ కంటి ఆపరేషన్ కాకపోతే ఇవాళైనా వచ్చేదాన్నా? ఏమో. రాకపోదునేమో. ఉన్నమాట చెప్తున్నా.

అంతేనా అంటారా?

అంతే కాదు. ఇంకొకటుంది. ఇది చెప్పకుండా వెళ్లిపోదామనే అనుకున్నాను.

వెళ్లేముందు అది మా ఇంటికొచ్చింది. "ఆంటీ, నేను చెప్తే నాన్న నమ్మడు, సాకు అనుకుంటాడు. మీరే చెప్పాలి. తొందరేం లేదు" అంది. సరేనన్నాను. రెండు వారాలకి ఫోన్ చేసింది. "చెప్పారా ఆంటీ?" అంది. నేను అప్పుడు అన్నం వారుస్తున్నాను. ఇంకా లేదు అనడానికి సిగ్గేసింది అంకుల్. "చెప్పానే" అన్నాను.

"ఏమన్నాడు?" అంది.

"ఏమీ అనలేదు" అన్నాను.

"సరే ఆంటీ, థాంక్స్" అంది. ఫోన్ పెట్టేసింది.

అయిదు నెలలు. అయిదు నెలలుగా ఆ పిల్ల ఏమనుకుంటోందో తెలుసా? మీకు తెలిసిపోయిందనుకుంటోంది. ఆ రోజు మీరు ఏడ్చింది తన పనితనానికేనని తెలిసి కూడా, మీరు ఒక్క ఫోన్ చెయ్యలేదనుకుంటోంది. మీరేమో అదే చెయ్యాలి, తప్పు దానిదే అని ఇక్కడ కూర్చున్నారు. మీ ఇద్దరి మధ్యా నేను.

ఎందుకు లేచారు? టోపీ దేనికి? అంకుల్, కూర్చోండి. తిట్టండి, ఆ పగిలినదాన్ని నా నెత్తిన వేసి కొట్టండి. ఇప్పుడే కోనాకా? కొండ మీద వాన పడుతోంది, రెండు గంటల దారి!

సరే. సరే, నా కారే. మీకు లైసెన్సు లేదు, ఇంకెవరు తీసుకెళ్తారు? ఆ ప్లైవుడ్డుది మీరే పట్టుకుంటారా? పట్టుకోండి. దారిలో ఒక్క మాటా మాట్లాడను.

నేను మాత్రం కారు దిగను అంకుల్. అంత ముఖం లేదు. లొరీన్ తలుపు తీసి, ఎవరు తీసుకొచ్చారని అడిగితే, ఆంటీ అని చెప్పండి. "ఆవిడ నాకు ఇవాళే చెప్పింది, ఇవాళ పొద్దున్నే చెప్పింది" అనండి. ఆ ముక్క మాత్రం మర్చిపోకుండా, అన్నిటికంటే ముందు అనండి.