పొద్దును గుంజిన పుల్లర్

ఒళ్లో ట్రాక్టర్ సీటు పెట్టుకొని చాయ్ తాగే మనిషిని మేము అంతకు ముందు చూడలేదు. ఎడపల్లి దాటాక బోధన్ రోడ్డు మీద నాగవ్వ చాయ్ హోటల్ ఉంది. దాని ముందర బల్ల మీద నవీపేట్ నర్సన్న అలా కూర్చున్నాడు. రోడ్డుకు అవతల ఆయన ట్రాక్టరు, దాని వెనక చెరుకుతో నిండిన ట్రాలీ. ట్రాలీ చక్రం బిగుసుకుపోయి కదలడం లేదు. నరికిన చెరుకు ఎండలో ఎంతసేపు నిలబడితే అంత బరువు తగ్గుతుంది, ఫ్యాక్టరీలో లెక్క బరువుకే. నిరుడు వానలు మోసం చేశాయి, ఈసారి ఇంట్లో అందరి ఆశా ఆ ట్రాలీ మీదే ఉంది. అందుకే నర్సన్న చూపంతా బస్సు వచ్చే దిక్కే ఉంది.

చక్రం నడుమ ఉండే హబ్బు ఊడి రావాలంటే పుల్లర్ కావాలి. అది ఈ చుట్టుపక్కల నిజామాబాద్‌లో రామ్‌దాస్ మిస్త్రీ దగ్గరే ఉంది. అడిగితే కాదనడు, కానీ ఆయన కాయిదా ఆయనది. ఏది లేకపోతే బండి నడవదో అలాంటి వస్తువొకటి ఆ బండిలోంచి ఇప్పి తెచ్చి, ఆయన దుకాణంలో పెట్టి పోవాలి. పుల్లర్ తిరిగిచ్చిన నాడు దాన్ని తీసుకపోవచ్చు. లారీల వాళ్లు ముందు నుంచి తిప్పి ఇంజన్ స్టార్టు చేసే హ్యాండిలు పెట్టిపోతారు. నర్సన్నకు సీటు తప్ప వేరే ఏదీ తోచలేదు.

"సీటు పెడితే ఇస్తడో ఇయ్యడో," అన్నాడు నర్సన్న. "ఇంతకు ఆ పుల్లర్ ఎట్లుంటది? మీల ఎవలన్న సూసిండ్రా?"

అడగకూడని చోట అడిగాడు పాపం. బల్లకు ఆ కొసన లారీ డ్రైవర్ లింబయ్య ఉన్నాడు. ఆయన లారీ హ్యాండిలు ఈ సీజన్ మొదట్లో గోదావరిలో జారిపడిందట. అప్పటి నుంచి పొద్దున చాయ్ తాగిన వాళ్లమంతా తలా ఓ చెయ్యి వేసి ఆ లారీని నూకి, అది స్టార్టయ్యాక మా పనులకు పోవడం అలవాటైంది. ఆ పూట ఇంకా నూకలేదు. లింబయ్య సాసర్‌లో చాయ్ ఊదుకుని తాగి, బీడీ ముట్టించాడు. ఇక మా పొద్దు గూట్లోకే అనుకున్నాం.

"సూసుడేంది నర్సన్నా, చేత పట్టిన. నమ్మితె నమ్ముండ్రి, లేకుంటె లేదు, జరిగిన ముచ్చట మీ కోసం జరగకుంట పోతదా? సీజన్ మొదట్ల సిరికొండ దిక్కు నుంచి చెరుకు లోడు ఏస్కొని వస్తున్న. గుట్టలు దిగంగనే వెనుక చక్రం కీసుమన్నది. దిగి చెయ్యి పెట్టి సూస్తె హబ్బు పెనం లెక్క కాలుతున్నది, లోపట బేరింగు నుగ్గు నుగ్గయ్యింది. కొత్త బేరింగు నా సంచిలనే ఉన్నది గని, పాతది ఊడితెనే గద కొత్తది ఎక్కేది. సుత్తెతోని కొట్టిన, రాలే. గడ్డపారతోని లేపిన, రాలే. గప్పుడేం జేసిన్నో తెలుసా? హ్యాండిలు భుజం మీద ఏస్కొని నిజామాబాద్ దాక నడిసిన."

"సిరికొండ గుట్టల కాడికెల్లి నడిసినవా?" అంది నాగవ్వ పొయ్యి దగ్గర నుంచే.

"నడిసినట్టే అవ్వా. జరంత దూరం ఎడ్లబండి, జరంత దూరం బస్సు, మిగిలిందంత నడకనే. నడుమల అడ్డం రాకు. రామ్‌దాస్ మిస్త్రీ ఎవలు హ్యాండిలు తెచ్చినా గోడకున్న మేకుకు తగిలిస్తడు. నాది తగిలియ్యలే. రెండు చేతులతోని అందుకున్నడు, కండ్లకద్దుకున్నడు, దేవుని పటం పక్కకు పెట్టిండు. లింబయ్యా, గీ పుల్లర్ ఇన్నొద్దులు ఎవలెవల చేతులల్లనో తిరిగింది, ఇయ్యాల సరైన చేతికి వచ్చింది అన్నడు. నేను వద్దన్న, గంత మాట అనకు అన్న. ఇనలే."

"ఎట్లున్నదో చెప్పవైతివి," అన్నాడు నర్సన్న.

"చెప్తున్న గద. మూడు కొండ్లుంటయి, తేలు కొండి లెక్క లోపటికి వంగి. నడుమల ఓ పొడుగు మర. కొండ్లు హబ్బు అంచుకు తగిలియ్యాలె, మర తిప్పుకుంట పోవాలె. గంతే. గుంజేది నువ్వు కాదు, అదే గుంజుతది. నేను తిప్పిన. హబ్బు వెన్నల నుంచి ఎంటిక తీసినట్టు బయటికొచ్చింది."

"యాడ పగల్లేదా?"

"పగులుడా? గీత గుడ పడలే."

నర్సన్న మొహం కాస్త తేరుకుంది. ఒళ్లో సీటును ఒకసారి తుడుచుకున్నాడు. అక్కడితో ఆపి ఉంటే మేమూ నమ్మేవాళ్లం, నర్సన్న నిశ్చింతగా బస్సెక్కేవాడు. కానీ లింబయ్య లారీకైనా బ్రేకు ఉందేమో గానీ ఆయన నోటికి లేదు. దానికి తోడు నర్సన్నకు ఇంకో అనుమానం వచ్చింది. హ్యాండిలు మిస్త్రీ దగ్గరుంటే మరి లారీ ఎట్లా స్టార్టయిందని అడిగాడు.

"మంచిగ అడిగినవ్. పుల్లర్ చేత పట్టుకొని ఇంజిను ముంగట నిలబడ్డ. నీ అంతట నువ్వే స్టార్టయితవా, నన్ను గుంజమంటవా అన్న. హబ్బు గతి కండ్లార సూసింది గద, ఒక్క దమ్ముల స్టార్టయ్యింది."

"మగ కాయ్ ఝాలా?" అని మరాఠీలో అడిగాడు తుకారాం. చెరుకు నరకడానికి నాందేడ్ దిక్కు నుంచి వచ్చిన మనిషి. తెలుగు సగమే అర్థమవుతుంది, కానీ ఆ తర్వాత ఏమైందో తెలుసుకోకపోతే మాత్రం ఆయనకు చాయ్ దిగదు.

"ఏమైందా తుకారాం? జర ముంగటికి వస్తే ఓ చెరుకు బండి బురదల ఇరుసు దాక దిగబడ్డది. ఎడ్లు మోకాళ్ల మీదున్నయి, బండాయన తలకాయ పట్టుకొని కూసున్నడు. నాకు పానం ఆగలే. ఓ కొండి బండికి, ఓ కొండి ఎడ్ల కాడికి, ఓ కొండి తుమ్మ చెట్టుకు తగిలిచ్చి మర తిప్పిన. బండి లేసింది, ఎడ్లు లేసినయి. ఆ బురద కింద తాతల నాడు పూడుకపోయిన బాయి ఉన్నదట, గది గుడ లేసింది. నిండ నీళ్లతోని. సుక్క కింద పడలే."

"లేసి యాడ నిలబడ్డది బాయి?" అంది నాగవ్వ.

"తొవ్వల నిలబడ్డది. పోయేటోళ్లకు అడ్డమని నేనే పక్కకు జరిపిన. ఇప్పుడు ఆ ఊరంత గా నీళ్లే తాగుతున్నది."

"మగ?" అన్నాడు తుకారాం.

"మగ ఏంది, అసలు కత ఇప్పుడే. ఫ్యాక్టరీ గేటు పొద్దు మునిగితె బంద్. ముంగట సూస్తె గుట్ట, తొవ్వ దాని సుట్టు తిరిగి పోతది. తిరిగిపోతె గేటు అందదు. ఏం జెయ్యాలె? గుట్టకు కొండ్లు తగిలిచ్చిన. మర తిప్పుతుంటె గుట్ట మెల్లగ లేసి, ముసలవ్వ నడుం పట్టుకొని జరిగినట్టు, పక్కకు జరిగి కూసున్నది. మీద మేకలు మేస్తున్నయి, ఒక్కటన్న తలకాయ ఎత్తి సూడలే. మేకలు కాసే లింగవ్వ మాత్రం నన్ను తిట్టని తిట్టు లేదు, కింద ఆమె గుడిసె కనపడకుంట పోయిందట."

"ఇప్పుడు యాడున్నది ఆ గుట్ట?" అన్నాం మేము.

"యాడుంటది? తెల్లారి మళ్ల దాని జాగల పెట్టిన. సర్కారు గుట్ట, రేపు ఎవలన్న అడిగితె ఏం చెప్తం?"

లింబయ్య బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే ముచ్చట్లు అయిపోయాయన్నమాట.

"ఇగ బోధన్ కనపడుతున్నది. గేటు కాడ వాచుమన్ తాళంకప్ప చేతుల పట్టుకొని పొద్దు దిక్కే సూస్తున్నడు. పొద్దేమో చెరుకు తోటల ఎనుక సగం మునిగింది. ఎర్రగ, గుండ్రంగ ఉన్నది. నాకెట్ల కనపడ్డదో తెలుసా? అచ్చం కాలిన హబ్బు లెక్క. గంతే, లారీ మీద చెరుకు లోడు ఎక్కిన, మూడు కొండ్లు పొద్దు అంచుకు తగిలిచ్చిన, మర తిప్పిన. రాలే. జర గ్రీజు పెట్టి మళ్ల తిప్పిన. కిర్రుమని జానెడు పైకొచ్చింది. గూట్లకు పోయిన కొంగలు మళ్ల బయటికొచ్చినయి. అజాన్ ఇయ్యబోయినాయన గడియారం చెవు కాడ పెట్టుకొని సూసుకున్నడు. నేను లోపటికి పోయి, తూకం ఏపిచ్చి, నిమ్మలంగ చాయ్ తాగి, గప్పుడు మర ఇప్పిన. పొద్దు దబ్బున మునిగింది. ఆ దినం జర ఎక్కువసేపు ఎలుగున్నది, మీకు యాదిల లేదా?"

తుకారాం మెడ ఎత్తి సూర్యుడి అంచుల వైపు చూశాడు. గాట్లేమైనా పడ్డాయేమోనని చూశాడని నా నమ్మకం. నర్సన్నకు మాత్రం బాయితో, గుట్టతో, పొద్దుతో పని లేదు. రోడ్డవతల ఆయన చెరుకు ఆకులు అప్పటికే ముడుచుకుంటున్నాయి.

"అన్నా, ఒక్క మాట చెప్పు. పుల్లర్ మిస్త్రీకి తిరిగిచ్చినవ్ గద? నేను గింత దూరం పోతె అక్కడ దొరుకుతది గద?"

లింబయ్య ఆరిపోయిన బీడీని మళ్లీ ముట్టించుకోవడంలో పడ్డాడు. ఇయ్యకుంట ఉంటనా అన్నాడు. అయితే అటెనక ఎవలన్న తీస్కపోయిండ్రేమో, గది నాకేం ఎరుక అని కూడా అన్నాడు. అంతలోనే బస్సు హారను వినబడింది. నర్సన్న సీటును చంకన పెట్టుకొని లేచాడు.

"ఆగు నర్సన్నా, బస్సెక్కకు," అంది నాగవ్వ. చాయ్ గిన్నె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ లింబయ్య ముందుకు వచ్చింది. ఆమె గొంతు పెంచలేదు. "హ్యాండిలు మిస్త్రీ కాడ దేవుని పటం పక్కకున్నదంటివి. మాకేమో గోదాట్ల పడ్డదని చెప్తివి. పుల్లర్ తిరిగిచ్చి ఉంటె హ్యాండిలు నీ చేతికి రాదా? సరే, గది ఇడిసిపెట్టు. పొద్దును గుడ పైకి గుంజిన పుల్లర్ నీ కాడ ఉండంగ, సీజన్ మొదలైన కాడికెల్లి లారీని మాతోని ఎందుకు నూకిస్తున్నవ్ లింబయ్యా?"

మేము ఒకరి భుజాలు ఒకరం చూసుకున్నాం. అవి నిజంగానే నొప్పిగా ఉన్నాయి.

నర్సన్న సీటుతోనే హోటల్ పక్కన ఆగి ఉన్న లారీ దగ్గరికి నడిచి, పనిముట్లు పెట్టుకునే చోటని డ్రైవరు సీటు ఎత్తి, కింద ఉన్న గోనెసంచిని బయటికి లాగాడు. సంచి నోట్లోంచి మూడు కొండ్లు తొంగిచూశాయి, తేలు కొండి లాగే లోపలికి వంగి. ఆ ఒక్క ముక్క మాత్రం లింబయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. బస్సు కండక్టరు ఎక్కేది ఎవరని అరిచాడు. ఎవరూ కదలకపోయేసరికి బస్సు వెళ్లిపోయింది.

నర్సన్న తిరిగి వచ్చి, ట్రాక్టర్ సీటును లింబయ్య ఒళ్లో పెట్టాడు.

"కాయిదా కాయిదానే అన్నా. నా చెరుకు గేటు దాటినంక పుల్లర్ నేనే మిస్త్రీకి ఇచ్చి, నీ హ్యాండిలు తెస్త. అప్పటిదాక సీటు నీ కాడ ఉండనియ్యి."

సీటు లేని ట్రాక్టరు మీద గోనెసంచి మడత పెట్టుకునైనా ఫ్యాక్టరీకి పోయే మనిషి ఆయన. వెంటనే వెళ్లి చక్రం దగ్గర గొంతుకూర్చుని కొండ్లు తగిలించడం మొదలుపెట్టాడు. లింబయ్య ఒళ్లో సీటు పట్టుకొని, చల్లారిన చాయ్ వంక చూస్తూ కూర్చున్నాడు.

"మగ కాయ్ ఝాలా?" అని అడిగాడు తుకారాం.

లింబయ్య చల్లారిన చాయ్‌నే సాసర్‌లో పోసుకొని ఊదుకోసాగాడు.