యూనిట్లకు అందని రెండు

ఉద్యోగ పరీక్ష ఫలితాలు వచ్చిన సాయంత్రం ఫిజిక్సు మాస్టారు, ఆయన కూతురు ప్రశ్నాపత్రం ముందేసుకుని కూర్చున్నారు.

“పది మీటర్ల పైనుంచి పడ్డ రాయి నేలను ఎంత వేగంతో తాకుతుందని అడిగాడు నాన్నా. ఫార్ములా గుర్తుకు రాలేదు.”

“యూనిట్లు చూసి కట్టుకోవాల్సింది.”

“అదే చేశాను. గురుత్వ త్వరణాన్ని ఎత్తుతో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు మీటర్లు వచ్చాయి. పది అని పెట్టాను.”

“పద్నాలుగమ్మా. వర్గమూలం లోపల రెండుతో కూడా గుణించాలి.”

“ఆ రెండుకి యూనిట్లేవి?”

“ఉండవు. అందుకే యూనిట్లు చూస్తే అది దొరకదు.”

“ఒక్క మార్కులో పోయింది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదేం?”

“క్లాసులో ఏటా చెప్తాను తల్లీ. నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను.”