మిస్డ్ కాల్‌కు మైనస్ ఐదు

"కోతలు అనుకోకుండ్రి. గద్వాలల బేరాలకు మార్కులేసుడు షురువు చేసిందే నేను" అన్నాడు రాఘవేందర్.

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్లు చేసి వచ్చి, ఇప్పుడు చీరల దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. బస్టాండు ఎదుట ఇస్రాయేలు చాయ్ డబ్బా దగ్గర అతని మాట వింటున్నది ముగ్గురు. చాయ్ పోసే ఇస్రాయేలు, ఆటో మల్లయ్య, కాళ్ల దగ్గర సంచి పెట్టుకున్న భీమయ్య. ఆ దుకాణానికే మగ్గం నేసిన భీమయ్యకు రెండు నెలలుగా పని లేదు. పట్నంలో ఏదో అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా పోతున్నాడు. బస్సుకు అరగంట ఉంది. ఆ అరగంటలో అతన్ని ఆపాలని రాఘవేందర్ తాపత్రయం.

"మొదలు చిన్నగనే చేసిన భీమన్నా. దినాం నలభై ఫోన్లు వస్తుండె. ఎవరు కొంటరో, ఎవరు ఊకె అడుగుతున్నరో తెల్వక సేటు పరేషాన్. గప్పుడు నేనన్న, సేటూ, కంపెనీలల్ల ఒక్కొక్క బేరానికి మార్కులేస్తరు, ఎక్కువొచ్చినోళ్లతోని ముందుగాల మాట్లాడ్తరు అని. సాఫ్ట్‌వేర్ల తయారు మార్కులు ఉంటయి గానీ అవి మన చీరలకేం పనికొస్తయి? అన్నీ తీసేసి సొంతంగ రాసిన. పెండ్లికంటే ఇరవై. అంచు రంగు తేల్చి చెప్తే పదిహేను. ధర అడిగి ఫోన్ పెట్టేస్తే మైనస్ మూడు. వారం తిరగకముందే ఆర్డర్లు రెండింతలు!"

"గంతేనా?" అన్నాడు మల్లయ్య.

"గంతేనా అంటవేంది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తనే నేర్చుకున్నది. 'హలో' అంటే చాలు, ఆ గొంతు ఎన్ని చీరలు కొంటదో చెప్తుండె. వనపర్తిల ఒకామెకు తొంభై ఎనిమిది పడ్డయి. 'పెండ్లి ఎప్పుడమ్మా' అని అడిగితే, 'నా బిడ్డకు ఇంకా సంబంధమే చూడలేదయ్యా' అన్నది. తెల్లారి పిల్లగాడు చూసిపోయిండు, మూడో దినం లగ్గం పెట్టుకున్నరు, నాలుగో దినం మా దుకాణంల చీరలు కట్టించుకున్నరు."

"పిల్లగానికి గూడ మార్కులేసినవా?" అన్నాడు ఇస్రాయేలు గ్లాసులు కడుగుతూ.

"డెబ్బై ఆరు. గందుకే కుదిరింది. జర ఆగుండ్రి, ఇంకా ఉన్నది. అటెనక బస్సులకు ఏసుడు మొదలువెట్టింది. ఎనభై దాటిన బస్సు డ్రైవర్ బ్రేకు తొక్కకున్నా మా దుకాణం ముంగట ఆగుతుండె! ఒకపారి బీచుపల్లి కాడ కృష్ణకు మార్కులేసింది, నలభై ఒకటి. తక్కువొచ్చినయని అలిగి నది మూడు దినాలు పారలే. నేనే పోయి ఒడ్డుకు నిలవడి తొమ్మిది కలిపితే గప్పుడు కదిలింది."

"రోజూ ఆ బ్రిడ్జి మీదికెళ్లే పోత. నాకైతే పారుతున్నట్టే కనవడ్డది" అన్నాడు మల్లయ్య.

"నీ కండ్లకు ఎన్ని మార్కులో చూపియ్యాల్నా?"

భీమయ్య కూడా కొంచెం నవ్వాడు. అది చూసి రాఘవేందర్ దగ్గరికి జరిగాడు.

"గందుకే పోకు అన్నా. మార్కులు మళ్ల సవరిస్త. నీ మగ్గానికి నూటికి నూటపది ఏస్త. దేశంల ఉన్న పెండ్లిండ్లన్నీ నీ ఇంటి ముంగట లైన్ కడ్తయి."

"రాఘవా, సుభద్రమ్మకు ఎన్ని పడ్డయి?" అని అడిగాడు భీమయ్య.

వడ్డేపల్లి సుభద్రమ్మ పదకొండేళ్లుగా, జమ్ములమ్మ జాతరకు ఇంటి ఆడవాళ్లందరికీ పదహారు చీరలు భీమయ్య చేతనే నేయించేది. నూలూ పట్టూ ఇచ్చేది దుకాణమే కాబట్టి ఆర్డరు దుకాణానికే చెప్పేది. భీమయ్యకు అది నాలుగు నెలల పని.

"మైనస్ ఇరవై" అన్నాడు రాఘవేందర్. "మిస్డ్ కాల్‌కు మైనస్ ఐదు పెట్టిన. నాలుగుసార్లు ఇచ్చింది. లిస్టుల అడుగుకు పోయింది. ఎవ్వరం చూడలే."

"మన దిక్కు మిస్డ్ కాల్ ఎవరికిస్తరురా?" అన్నాడు భీమయ్య. "కొత్తోళ్లకైతే సక్కగ ఫోన్ చేసి మాట్లాడ్తరు. మనోడే, తిరిగి చేస్తడు అనుకున్నోళ్లకే గద ఇచ్చేది! నాలుగుపార్లు చూసి, మనసు కష్టపడి, వేరేకాడ నేయించుకున్నది. మొన్న సంతల కనవడి మొఖం తిప్పుకున్నది."

"తప్పు నాదే అన్నా. అన్నీ సొంతంగ రాసిన అన్న గద, ఆ ఒక్కటి కంపెనీలది తెచ్చి అట్లనే పెట్టిన. మిస్డ్ కాల్ అంటే ఏందో నాకు తెల్వదా? మా అమ్మ గూడ నాకు గట్లనే ఇస్తది." అతను ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "నదిని కదిలించిన అని చెప్తున్న. ఒక్క ఫోన్ తిరిగి చేయలేకపోయిన."

బస్సు వచ్చింది. మల్లయ్య సంచి అందించాడు. భీమయ్య ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

ముప్పావుగంటైనా రాఘవేందర్ బల్ల మీంచి లేవలేదు. ఇస్రాయేలు పోసిన చాయ్ చల్లారిపోయింది. ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. భీమయ్య పేరు చూసి వెంటనే తిరిగి చేశాడు.

"బీచుపల్లి దాటుతున్నం. నది పారుతనే ఉన్నది" అన్నాడు భీమయ్య. "వాన పడితే మగ్గం గుంతలకు నీళ్లొస్తయి రాఘవా. తాళంచెవి పక్కింటి గీత దగ్గరున్నది. జర పోయి టార్పాలిన్ కప్పు."

"ఇప్పుడే పోత అన్నా."

ఆకాశంలో ఎక్కడా మబ్బు లేదు. అయినా రాఘవేందర్ అప్పుడే లేచాడు.