కడిగి ఇచ్చిన ఇంజన్

గడ్డి కోసే మిషన్ ఇంజన్ మూత ఊడదీసి ముందు పెట్టుకున్నాడు బావ. పక్కన బావమరిది టార్చి పట్టుకుని ఎటో చూస్తున్నాడు.

"లైటు సరిగ్గా పట్టరా. చూడు, కాయిలుకి ఎంత తుప్పు పట్టిందో! అందుకే స్పార్క్ రావడం లేదు."

"ఇక పోయినట్టేనా బావా?"

"గీకి, తుడిచి చూద్దాం. ఆ ఎమరీ పేపరు ఇటివ్వు. మళ్లీ బిగించేటప్పుడు ఈ తిరిగే చక్రానికీ కాయిలుకీ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందే ఉండాలి. అంత సున్నితం. వానొస్తే పట్టా కప్పమని మీ అక్కకి లక్షసార్లు చెప్పాను."

"అక్కేమంది?"

"మర్చిపోయానంది. నోటికొచ్చినట్టు తిట్టాను. నాలుగు రోజులుగా మాటల్లేవు."

"అక్క మర్చిపోలేదు బావా."

"మరి?"

"పోయిన వారం మిషన్ తీసుకెళ్లాను కదా, వాడుకుని తిరిగిచ్చే ముందు తళతళలాడాలని నేనే పైపు పెట్టి కడిగాను. మూత సందుల్లోకి కూడా కొట్టాను. ఆరబెట్టకుండానే పెట్టేసి వెళ్లిపోయాను."

"మీ అక్కకి తెలుసా?"

"ఇంజన్ మీద నీళ్లు కొట్టకురా అని కిటికీలోంచి అరిచింది. నేనే వినలేదు."

బావ చేతిలో ఎమరీ పేపరు ఆగిపోయింది.

"అన్ని తిట్లు తిట్టినా నీ పేరు ఎత్తలేదురా! తలొంచుకుని అన్నం వడ్డించింది. లే, లోపలికెళ్లి చెబుదాం."

"ముందు నువ్వెళ్లు బావా."

"తప్పు చేసింది నువ్వురా!"

"తిట్టింది నువ్వు కదా."

ఇద్దరూ వంటింటి తలుపు వైపు చూశారు. ఎవరూ లేవలేదు.