నాకొచ్చిన మార్కులు

ఆ ఉదయం నా ముందున్న పనులు: కుక్కల గదులు కడిగించాలి, పిల్లులకు టీకాలు వేయించాలి, కళ్లు కనిపించని ముసలి కుక్కకు ఎలాగైనా ఒక ఇల్లు చూడాలి. మా జంతు సంరక్షణ కేంద్రానికి మేనేజర్ని నేనే. గదులు కడిగే అక్క చేతులు తుడుచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది.

“ముసల్దాన్ని పెంచుకుంటానన్న టైలరమ్మను నిన్న ఎందుకు పంపేశారు సార్?”

“పెంచుకునేవాళ్లకు మార్కులేసే ఫారంలో తప్పిందక్కా. అద్దె ఇల్లు, ఒకటే గది, పెరడు లేదు. వందకు ముప్పై వచ్చాయి.”

“ఆ ఫారం ఎవరు రాశారు?”

“నేనే. వారం రోజులు కూర్చుని రాశాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే కదా, ఆ మాత్రం చూపించుకోవాలి.”

“మరి మీకెన్ని వస్తాయి?”

“నాకా?”

“మీకే. సొంతిల్లా?”

“అద్దె.”

“పెరడు?”

“కిటికీ ఉంది.”

“పగలు ఇంట్లో ఎవరుంటారు?”

“తాళం ఉంటుంది.”

“మొత్తం ఎన్నొచ్చాయి సార్?”

“పదిహేను.”

“టైలరమ్మ రోజంతా ఇంట్లోనే కుడుతుంది. కళ్లు లేనిదానికి పెరడెందుకు సార్, పక్కన మనిషి ఉండాలి గానీ.”

“ఆవిడ ఫోన్ నంబరు పారేశానక్కా.”

“నేను రాసిపెట్టుకున్నాలెండి. చదువుకున్నవారు కదా, తెలిసిరావడానికి వారమైనా పడుతుందనుకున్నా. ఒక్కరోజే పట్టింది.”

మధ్యాహ్నానికి టైలరమ్మ వచ్చి కుక్కను తీసుకెళ్లింది. వెళ్లేముందు తీసి మా కేంద్రం ఫేస్‌బుక్ పేజీలో పెట్టిన ఫోటోలో వారిద్దరి పక్కన గొప్పగా నవ్వుతున్నది నేను. అది మీ కంటపడితే, దయచేసి నన్ను వదిలేసి, ఫోటో తీసిన అక్కను గుర్తుపెట్టుకోండి.